విమానం కొన్నారు సరే... ‘వద్దు’ అనేవాడున్నాడా?

కోనసీమలో కొత్త బండి కొన్నవాళ్ళు చాలామంది ముందు ఐనవిల్లి వెళ్తారు. సిద్ధి వినాయకుడి గుడి ముందు బండి ఆపి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు భాగాన పసుపు కుంకుమ అద్ది, దండ వేసి, కొబ్బరికాయ కొట్టిస్తారు. మోపెడ్ అయినా ట్రాక్టర్ అయినా పాతిక లక్షల కారయినా స్వామి ముందు ఒకే వరస. పరీక్షలకు వెళ్ళే పిల్లలు పెన్నులు తెచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టించుకుంటారు. ఏ పని మొదలెట్టినా విఘ్నం రాకూడదన్నదే అందరి మొక్కూ.

అక్కడికి తీసుకురాలేని బండి ఒకటుంది. సొంత విమానం. డబ్బున్నా తేలేరు. దిగే చోటు లేదు.

అయినా ఈ రోజుల్లో ఆ కబుర్లకి కొదవ లేదు. పెళ్ళి భోజనాల దగ్గరా, రావులపాలెం బస్టాండులో టీ కొట్టు దగ్గరా ‘ఫలానా కాంట్రాక్టరు జెట్ కొన్నాడట’, ‘ఫలానా హీరో ప్రైవేటు విమానంలో తిరుపతి వెళ్ళొచ్చాడట’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. వెంటనే పక్కవాడి నోటి నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే... ‘ఎంతుంటుందేంటి?’

నిజానికి ఈ వ్యవహారంలో అది అన్నిటికన్నా చిన్న ప్రశ్న. దాని వెనక ఇంకా పెద్దవి రెండున్నాయి. కొన్నాక దాన్ని మేపేదెలా? అన్నిటికన్నా పెద్దది, అది ఎప్పుడు ఎగరకూడదో చెప్పేదెవరు? ఒక్కొక్కటే చూద్దాం.

కొనడం తేలిక

బిజినెస్ జెట్ అంటే ఒకే రకం కాదు. మోపెడ్ నుంచి వోల్వో బస్సు దాకా ఎన్ని రకాలున్నాయో ఇందులోనూ అన్ని ఉన్నాయి. నలుగురైదుగురు కూర్చునే బుల్లి జెట్ కొత్తది కావాలంటే సుమారు 60 లక్షల డాలర్లు. మన లెక్కలో 50 కోట్ల పైచిలుకు. మధ్యలో ఎక్కడా దిగకుండా హైదరాబాద్ నుంచి లండన్ దాటి వెళ్ళిపోయే పెద్ద గల్ఫ్‌స్ట్రీమ్, గ్లోబల్ తరగతి విమానాలు ఏడు కోట్ల డాలర్లు దాటతాయి. అంటే ఆరొందల కోట్ల పైమాట. మామూలు ప్రయాణికుల విమానాన్నే లోపల ఇల్లులా మార్చుకునేవాళ్ళూ ఉన్నారు. ముఖేశ్ అంబానీ 2007లో భార్య పుట్టినరోజుకి ఎయిర్‌బస్ 319 కానుకగా ఇచ్చారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి.

ఈ వేడుక మరీ పాతదేం కాదు. అమెరికాలో బిల్ లియర్ అనే ఆయన చేయించిన లియర్‌జెట్ 1963లో మొదటిసారి ఎగిరింది. సొంత జెట్ అంటే లియర్‌జెట్టే అన్నంతగా ఆ పేరు స్థిరపడింది. 2022లో వాటి తయారీ ఆగిపోయింది. పేరు మాత్రం మిగిలింది.

మన దేశానికి తెచ్చుకోవాలంటే పన్నులుంటాయి. కేవలం సొంత వాడకం కోసమైతే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీయే 40 శాతం. అద్దెకు తిప్పే అనుమతి ఉన్న విమానానికి పన్ను భారం బాగా తక్కువ. అందుకే చాలామంది యజమానులు విమానాన్ని తమ పేరు మీద కాకుండా ‘నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్’ ఉన్న సంస్థ కింద పెట్టి తిప్పుతారు. కొత్త కారు కొని ట్రావెల్స్ వాళ్ళకు అప్పగించినట్టన్న మాట. తమకు కావాల్సిన రోజు తాము వాడుకుంటారు. మిగతా రోజుల్లో అది కిరాయికి తిరుగుతుంది. సొంత వాడకానికని రిజిస్టర్ చేసిన విమానంలో మాత్రం డబ్బు తీసుకుని ఎవర్నీ ఎక్కించుకోకూడదు.

మనవాళ్ళూ ఈ దారిలో నడిచినవాళ్ళే. శ్రీకాకుళం ప్రాంతంలోని రాజాం నుంచి ఎదిగిన గ్రంధి మల్లికార్జునరావు సంస్థ శంషాబాద్ విమానాశ్రయాన్ని కట్టింది. అదే సంస్థ సొంత, అద్దె విమానాల కోసం జీఎంఆర్ ఏవియేషన్ పేరుతో విడిగా ఒక కంపెనీనే పెట్టింది. 2008 మార్చిలో శంషాబాద్ మొదలై మామూలు విమానాలన్నీ అక్కడికి తరలిపోయాక బేగంపేట బోసిపోతుందనుకున్నారు. ఆ బేగంపేటలోనే రెండేళ్ళకోసారి విమానాల ప్రదర్శన జరుగుతూ వస్తోంది. దాన్ని మన సంతతో పోల్చుకోవచ్చు. తుని సంతలో ఎద్దుల పళ్ళు చూసి బేరమాడినట్టు అక్కడ జెట్‌ల ఇంజిన్లు చూసి బేరమాడతారు. ఆ మాటకొస్తే దేశానికి పౌర విమానయాన మంత్రులుగా కూడా మన ఉత్తరాంధ్ర వాళ్ళున్నారు. 2014 నుంచి 2018 దాకా విజయనగరం అశోక్ గజపతిరాజు, 2024 నుంచి శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు.

కాబట్టి విమానం మనకి మరీ కొత్త వింతేం కాదు. కొనడమూ పెద్ద కష్టం కాదు, సొమ్ముంటే.

మేత మాటేమిటి?

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా అంటారు. ఇక్కడ అంకుశం కాదు, మేతే అసలు బెంగ.

ముందు పైలట్లు. చాలా జెట్‌లకి ఒక పైలట్ చాలడు. ఇద్దరుండాలి. యజమాని పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగి రావాలంటే ఆ ఇద్దరూ చాలరు. ఎందుకంటే పైలట్ ఎన్ని గంటలు పనిచెయ్యాలో, ఎంత విశ్రాంతి తీసుకోవాలో డీజీసీఏ రూలు పెట్టింది. అందుకని ముగ్గురో నలుగురో జీతం మీద ఉండాలి. కారు డ్రైవరులా ఈ బండి నడిపినవాడు ఆ బండి నడిపేస్తానంటే కుదరదు. ప్రతి రకం విమానానికీ విడిగా శిక్షణ ఉండాలి, మళ్ళీ మళ్ళీ పరీక్షలుండాలి. ఆ శిక్షణ సిమ్యులేటర్లు చాలా రకాలకు విదేశాల్లోనే ఉన్నాయి.

తర్వాత ఇంజినీర్లు. లారీకి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఫిట్‌నెస్ తీసుకున్నట్టే విమానానికీ ‘ఎగరడానికి యోగ్యం’ అన్న ధ్రువపత్రాన్ని నిలబెట్టుకుంటూ ఉండాలి. తేడా ఏమిటంటే ఇక్కడ చెయ్యి తడిపి పని కానిస్తే రోడ్డు పక్కన ఆగిపోవడం ఉండదు. పైనించి కిందికి రావడమే. ఇన్ని గంటలు ఎగిరితే ఈ భాగం మార్చాలి, ఇన్ని నెలలు గడిస్తే ఎగిరినా ఎగరకపోయినా ఆ భాగం విప్పి చూడాలి అని తయారీదారు రాసిచ్చిన పట్టిక ఉంటుంది. చాలామంది ఇంజిన్ మరమ్మతుల కోసం ఎగిరిన ప్రతి గంటకీ ఇంత అని కంపెనీకి ముందే కడుతూ ఉంటారు. చిట్టీ కట్టినట్టు.

ఆపైన ఇంధనం. బుల్లి జెట్ కూడా గంటకు నాలుగైదొందల లీటర్లు తాగుతుంది. పెద్దదైతే పదిహేనొందల పైన. నిలబెట్టుకోవడానికి హ్యాంగర్ అద్దె, దిగిన ప్రతిచోటా రుసుము, బీమా... ఇవన్నీ విమానం ఎగిరినా సరే, మూలన కూర్చున్నా సరే. ఏడాదికి 8,760 గంటలు. అందులో ఒక యజమాని జెట్ మూడు నాలుగొందల గంటలు ఎగిరితే బాగా వాడినట్టే లెక్క. మిగతా ఎనిమిది వేల గంటలూ అది నిలబడి తింటూ ఉంటుంది. పాడి లేని గేదె మేత ఆపదు కదా!

ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అంటారు. విమానానికి ఈ సామెత వర్తించదు. విజయ్ మాల్యా గారి సంగతి చూడండి. ఆయన సొంత ఎయిర్‌బస్ 319 మీద రిజిస్ట్రేషన్ అక్షరాలే ఆయన పేరు తలపించేవి... వీటీ-వీజేఎం. మన దగ్గర కారుకి 9999 నంబరు కోసం వేలంపాట పాడినట్టన్న మాట. కింగ్‌ఫిషర్ విమానాలు 2012లో ఆగిపోయాక, పన్ను బకాయిల కింద సర్వీస్ ట్యాక్స్ శాఖ 2013లో ఆ విమానాన్ని జప్తు చేసింది. ముంబయి విమానాశ్రయంలో ఎండకి ఎండి, వానకి తడిసింది. వేలం మీద వేలం వేశారు. ఒకసారైతే కోటి రూపాయల చిల్లర కన్నా ఎక్కువ పాట రాలేదు. చివరికి 2018లో సుమారు 35 కోట్లకు ఒక అమెరికా సంస్థ తీసుకుంది. ఆయనదే ఇంకో చిన్న విమానం 2015లో తుక్కు కింద 22 లక్షలకు పోయింది. కోనసీమలో రోడ్డు పక్కన ఎకరం కొబ్బరితోట కొనాలంటే ఆ సొమ్ము చాలకపోవచ్చు!

మరి ఎవరికి కావాలి?

అలాగని సొంత విమానం కొన్నవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళనుకోకండి. దానికీ లెక్కుంది.

అమెరికాలో పైసా పైసా చూసి ఖర్చుపెడతాడని పేరున్న వారెన్ బఫెట్ 1986లో కంపెనీ కోసం ఇరవయ్యేళ్ళ నాటి పాత జెట్ ఒకటి ఎనిమిదిన్నర లక్షల డాలర్లకు కొన్నాడు. 1989లో దాన్నిచ్చేసి 67 లక్షల డాలర్లు పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. అంతకు ముందు సొంత విమానాల్లో తిరిగే కంపెనీ పెద్దల్ని వెక్కిరించినవాడే ఆయన. అందుకని తన విమానానికి తనే ‘సమర్థించుకోలేనిది’ అని అర్థం వచ్చేలా ‘ది ఇన్‌డిఫెన్సిబుల్’ అని పేరు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి దాని రుచి తెలిసి, అది లేకపోతే కుదరదన్నాడు. మొత్తం విమానం కొనక్కర్లేకుండా అందులో వాటా కొనుక్కునే పద్ధతిని 1986లో మొదలుపెట్టిన నెట్‌జెట్స్ అనే కంపెనీకి ముందు ఖాతాదారుగా చేరి, నచ్చి, 1998లో ఆ కంపెనీనే కొనేశాడు. వ్యాపారి బుద్ధి అంటే అదీ.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2008 నవంబర్‌లో అమెరికాలో మూడు పెద్ద కార్ల కంపెనీల అధిపతులు మునిగిపోతున్నాం, ఆదుకోండని ప్రభుత్వాన్ని అడగడానికి వాషింగ్టన్ వెళ్ళారు. ముగ్గురూ మూడు జెట్‌లలో వెళ్ళారు. అడుక్కోవడానికి అంబారీ మీద వచ్చినట్టుందని సభ్యులు అక్కడికక్కడే దులిపేశారు. తర్వాతి నెల మళ్ళీ వెళ్ళాల్సొస్తే డెట్రాయిట్ నుంచి కారులో వెళ్ళారు పాపం.

ఇక మన లెక్క వేద్దాం. ఐనవిల్లిలో ఉన్న ఒక పెద్దమనిషి జెట్ కొన్నాడనుకోండి. దాన్ని ఎక్కాలంటే రావులపాలెం, రాజమండ్రి మీదుగా మధురపూడి వెళ్ళాలి. రోడ్డు మీద రెండు గంటలు. అక్కడ రన్‌వే ఇప్పుడు మూడు కిలోమీటర్లు దాటింది కాబట్టి ఎంత పెద్ద జెట్ అయినా దిగుతుంది. అక్కణ్ణించి హైదరాబాద్‌కి గంట. అదే మధురపూడి నుంచి అదే హైదరాబాద్‌కి టికెట్ కొనుక్కునే విమానమూ ఉంది. దాని ప్రయాణమూ ఇంచుమించు అంతే. యాభై కోట్లు పెట్టి ఆయన మిగుల్చుకున్నది సెక్యూరిటీ వరసలో నిలబడే ముప్పావు గంట. అదే ఆయన ఒకే రోజు రాయపూర్‌లో ఫ్యాక్టరీ చూసి, మధ్యాహ్నం ఇంకో రాష్ట్రంలో గని చూసి, రాత్రికి ఇంటికి రావాలంటే జెట్‌ని మించింది లేదు. ఏ ఊరికీ నేరుగా విమానం లేని చోట, రోజుకు మూడు ఊళ్ళు తిరిగే పని ఉంటేనే దాని విలువ. మిగతాదంతా దర్పం.

అమలాపురానికి ఇంకా రైలే రాలేదు. కోటిపల్లి-నరసాపురం లైను మంజూరై పాతికేళ్ళు దాటింది. గౌతమి మీద వంతెన చూసుకుంటూ కూర్చున్న కోనసీమ వాళ్ళకి ఈ విమానం లెక్కలు ఎందుకంటారా? ఎందుకంటే, అద్దె విమానం విషయంలో కోనసీమ కట్టిన మూల్యం చాలా పెద్దది.

మనం మర్చిపోని తేదీలు

2002 మార్చి 3. లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్‌కి ఒక ప్రైవేటు హెలికాప్టర్‌లో బయల్దేరారు. కైకలూరు దగ్గర కొవ్వాడలంక చేపల చెరువులో అది కూలింది. ఆయనతో పాటు పైలట్, అంగరక్షకుడు కూడా పోయారు. ఆయన వయసు 50 ఏళ్ళు. ఎదుర్లంకలో పుట్టి, కాకినాడలో వకీలుగా పనిచేసి, అమలాపురం ఎంపీగా గెలిచి, 1998లో స్పీకర్ అయిన తొలి దళితుడు. ఇవాళ యానాం-ఎదుర్లంక వారధి దాటే ప్రతి బస్సూ ఆయన పేరు మీదున్న వంతెన మీదుగానే వెళ్తుంది.

2004 ఏప్రిల్ 17. ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావడానికి నటి సౌందర్య బెంగళూరు జక్కూరులో ఒక చిన్న సెస్నా ఎక్కారు. నేల విడిచిన కాసేపటికే అది కూలి మంటల్లో కాలిపోయింది. ఆమె అన్నగారితో సహా నలుగురూ చనిపోయారు.

2009 సెప్టెంబర్ 2. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి రచ్చబండ కోసం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్‌లో బయల్దేరారు. నల్లమలలో వాన, మబ్బులు. పావురాలగుట్ట మీద అది కూలినట్టు మర్నాడు గానీ తెలియలేదు. మొత్తం ఐదుగురు.

ఏడున్నరేళ్ళలో ముగ్గురు. ఒకటి కిరాయి హెలికాప్టర్, ఒకటి చిన్న విమానం, ఒకటి ప్రభుత్వ హెలికాప్టర్. ఏదీ జెట్ కాదు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం. ఎవరిది తప్పు అని తవ్వడం నా ఉద్దేశం కాదు, పోయినవాళ్ళ మీద నింద వెయ్యడం అసలే కాదు. కానీ ఈ మూడు ప్రయాణాల్లో ఏదీ టికెట్ కొనుక్కుని ఎక్కే విమానం కాదన్నది మాత్రం గమనించాలి. పెద్దవాళ్ళ కోసం, వాళ్ళ కార్యక్రమం ప్రకారం, వాళ్ళకోసమే కదిలే ప్రయాణాలివి. అలాంటి ప్రయాణాలకు సహజంగానే ఒక బరువు ఉంటుంది. అవతల జనం ఎదురు చూస్తుంటారు.

ఆ బరువు జెట్‌లో ఎలా పనిచేస్తుందో చెప్పే కథ ఒకటుంది. మనది కాదు, అమెరికాది. కానీ మన పెద్దవాళ్ళంతా చదవాల్సింది.

నాలుగు నిమిషాల ఖరీదు

2001 మార్చి 29. లాస్ ఏంజిలెస్ నుంచి కొండల మధ్య ఉన్న ఆస్పెన్‌కి ఒక గల్ఫ్‌స్ట్రీమ్ జెట్‌ని ఒకాయన అద్దెకు తీసుకున్నాడు. విందు కోసం మిత్రులతో వెళ్తున్నాడు. వాళ్ళు రావడమే ఆలస్యమైంది. ఆస్పెన్‌లో ఒక నిబంధన ఉంది. సూర్యాస్తమయం అయిన అరగంట తర్వాత ఇలాంటి విమానాలు దిగకూడదు. ఆ రోజు లెక్కలో సాయంత్రం 6 గంటల 58 నిమిషాలు.

దిగలేకపోతే వేరే ఊళ్ళో దింపాల్సి ఉంటుందని పైలట్ ముందే చెప్పాడు. ఆ మాట కిరాయికి తీసుకున్నాయన చెవిన పడింది. ఆయనకి కోపం వచ్చింది. విమానాన్ని మళ్ళించడానికి వీల్లేదని తన మనిషితో కంపెనీకి ఫోన్ చేయించాడు.

విమానం వెళ్ళేసరికి చీకటి పడుతోంది, మంచు కురుస్తోంది. వీళ్ళకి ముందు వెళ్ళిన విమానాలు కొన్ని రన్‌వే కనబడక వెనక్కి తిరిగాయి. వీళ్ళు మాత్రం కిందికి దిగుతూనే వచ్చారు. 7 గంటల 2 నిమిషాలకి కొండవాలుకి తగిలి కూలిపోయింది. పద్దెనిమిది మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఫోన్ చేయించినాయన కూడా.

అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ నివేదికలో అసలు తప్పు పైలట్లదే అని రాసింది. రన్‌వే కనబడకుండా దిగకూడని ఎత్తుకి దిగారని. కానీ అక్కడితో ఆపలేదు. దానికి తోడైన కారణాల్లో అద్దెకు తీసుకున్న మనిషి నుంచి కెప్టెన్ మీద పడిన ఒత్తిడిని కూడా రాసింది. అంటే ఒక ప్రయాణికుడి కోపం కూడా విమానాన్ని పడేసిన కారణాల్లో ఒకటని నల్లటి అక్షరాలతో రాసి పెట్టింది.

చూశారా, ఇదీ సొంత విమానానికి ఉన్న అసలు ప్రమాదం. మామూలు విమానంలో పైలట్‌కి మీరెవరో తెలియదు. మీకు కోపమొచ్చినా ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు. పొగమంచులో గన్నవరంలో దిగలేక హైదరాబాద్ తీసుకెళ్ళిపోతే మీరు నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటారు. సొంత విమానంలో అలా కాదు. జీతమిచ్చే దొర వెనక సీట్లోనే కూర్చుని ఉంటాడు. ‘సార్, ఇవాళ వద్దండీ’ అనాలంటే ఆ పైలట్‌కి ఎంత గుండె ఉండాలి! ఒకసారి అంటాడు. రెండోసారి అంటాడు. మూడోసారి ‘పక్క కంపెనీ వాళ్ళ పైలట్ అయితే తీసుకెళ్ళేవాడు’ అన్న మాట వింటే, నాలుగోసారి అనడు.

చట్టం ప్రకారం విమానంలో తుది మాట పైలట్ ఇన్ కమాండ్‌దే. కోటీశ్వరుడైనా మంత్రైనా ఆయన తర్వాతే. కాగితం మీద ఆ హక్కు అందరికీ ఉంది. యజమాని కళ్ళల్లో అది కనిపిస్తేనే పైలట్ వాడుకుంటాడు.

దక్షుడికి కొరవడింది

ఐనవిల్లి స్థలపురాణం వినే ఉంటారు. దక్షప్రజాపతి యజ్ఞం తలపెట్టి ముందుగా ఇక్కడి వినాయకుడిని పూజించాడని చెబుతారు. గౌతమి దాటితే ద్రాక్షారామం ఉండనే ఉంది. మరి విఘ్నేశ్వరుడినే పూజించి మొదలెట్టిన యజ్ఞం ఎందుకు ధ్వంసమైంది? శివుడిని పిలవకుండా చెయ్యడం తప్పని నిండు సభలో దధీచి మహర్షి చెప్పాడు. వద్దన్నాడు. దక్షుడు వినలేదు. దధీచి లేచి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళంతా అవునవును అనేవాళ్ళే. ఆ తర్వాత ఏమైందో మనకు తెలుసు.

పూజ లోపం కాదది. వద్దన్నవాణ్ణి పోగొట్టుకున్న లోపం.

ఇంకో సంగతి కూడా ఉంది. విఘ్నాలు తొలగించేవాడు వినాయకుడు అనుకుంటాం. విఘ్నాలకు అధిపతి కనకే ఆయన విఘ్నేశ్వరుడు. తీసేదీ ఆయనే, పెట్టేదీ ఆయనే. కొన్ని విఘ్నాలు మన మేలు కోసమే వస్తాయి. మబ్బు పట్టి ప్రయాణం ఆగిపోవడం అలాంటి విఘ్నం. దాన్ని తొలగించమని మొక్కకూడదు.

గోదావరి వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కోటిపల్లి రేవులోనూ ముక్తేశ్వరం రేవులోనూ పంటు ఎప్పుడు కదలాలో చెప్పేది సరంగు. వరద నీరు ఎర్రగా తిరుగుతుంటే ఎంతటి ఆసామి ఒడ్డున నిలబడి గద్దించినా ‘ఇప్పుడు కాదండి బాబూ’ అంటాడు. ఆ మాట అనగలిగినన్నాళ్ళూ రేవు క్షేమం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు వరద గోదావరిలో మునిగి యాభై మందికి పైగా చనిపోయారు. ఆ వరదలో ఆ బోటు అసలు కదలకుండా ఉండాల్సింది. నీటి మీద అయినా గాలి మీద అయినా సూత్రం ఒకటే.

అందుకని విమానం కొనదలచుకున్న పెద్దలకు, ఎన్నికలకీ పెళ్ళిళ్ళకీ హెలికాప్టర్ అద్దెకు తీసుకునేవాళ్ళకి కూడా, నాలుగు మాటలు. ఖర్చు లేనివే.

పైలట్‌ని ఉద్యోగంలో పెట్టుకున్న రోజే ‘నువ్వు వద్దంటే వద్దే, కారణం అడగను’ అని చెప్పండి. నోటితో కాదు, కాగితం మీద రాసివ్వండి. మొదటిసారి ఆయన ప్రయాణం ఆపేసిన రోజు నలుగురి ముందూ మెచ్చుకోండి. ఆ ఒక్క మెప్పు ఏ బీమా పాలసీకీ తీసిపోదు.

బయల్దేరే ముందు ‘ఎన్నింటికి దిగుతాం?’ అని అడక్కండి. ‘ఇవాళ వెళ్ళొచ్చా?’ అని అడగండి. మొదటి ప్రశ్నలో జవాబు ముందే ఉంది. రెండో దాంట్లో వద్దు అనడానికి సందు ఉంది.

దిగే ఊరు కాకుండా ఇంకో ఊళ్ళో కూడా కారు సిద్ధంగా పెట్టించండి. రోడ్డు మీద వెళ్ళే ఏర్పాటు ముందే ఉంటే విమానం మీద పంతం రాదు. అవతల సభకు గంట ఆలస్యమవుతుందని మీరే ఫోన్ చేసి చెప్పేయండి. ఆ బరువు పైలట్ భుజాల మీద నుంచి దిగిపోతుంది.

అద్దెకు తీసుకునేవాళ్ళు ముందు పర్మిట్ చూడండి. తక్కువకి వచ్చిందని సొంత వాడకం విమానాన్ని దొడ్డిదారిన కిరాయికి మాట్లాడుకోకండి. పైలట్లు నిన్న రాత్రి ఎక్కడున్నారో, ఎంతసేపు నిద్రపోయారో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ప్రాణం మీది బేరానికి మొహమాటమేమిటి?

ఇదంతా జెట్ ఉన్నవాళ్ళ గొడవ, మనకెందుకు అనిపిస్తోందా? ఒక్కసారి ఆలోచించండి. తిరుపతికో శ్రీశైలానికో పది సీట్ల బండి మాట్లాడుకుంటాం. పగలంతా పనులు చూసుకుని రాత్రి తొమ్మిదింటికి బయల్దేరతాం. డ్రైవరు అప్పటికే అన్నవరం ట్రిప్పు వేసుకుని వచ్చుంటాడు. ‘తెల్లారేసరికి కొండ మీదుండాలి బాబూ, దర్శనం టికెట్టు ఉంది’ అంటాం. ఒంటిగంటకి ఆ కుర్రాడు ‘అండీ, రోడ్డు పక్కన ఓ అరగంట కళ్ళు మూసుకుంటాను’ అంటే, వెనక సీట్లోంచి మనం అనేది ఏమిటి? ‘టీ తాగు, అదే పోతుంది’ అనే కదా! కిరాయి మనది, డ్రైవరు వాడు. అక్కడ మనమే దొరలం. జెట్ యజమానికి వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్నా, ఆ ఒక్క మాటలో మనమూ ఆయనా ఒకటే.

కాబట్టి విమానం కొనే యోగం ఎవరికుందో గానీ, ‘వద్దు’ అన్నవాడి మాట వినే యోగం మాత్రం అందరికీ ఉంది. రాత్రి ప్రయాణంలో డ్రైవరు ఆగుతానంటే ఆగనివ్వండి. దర్శనం టికెట్టు పోతే పోతుంది. ఇంకోటి దొరుకుతుంది.